పాత ఎస్టీమ్‌లో ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్, వైడ్‌బ్యాండ్ మీటర్: నాలుగేళ్లు వాడిన తర్వాత

మా మారుతి ఎస్టీమ్ కారు 2003 మోడల్. 1298 సీసీ, 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (ఒక్కో సిలిండర్‌కి విడిగా ఇంజెక్టర్‌తో పెట్రోల్ చిమ్మే) ఇంజన్, కంపెనీ లెక్క ప్రకారం 85 హార్స్‌పవర్. నాన్నగారు కొన్న బండి కాబట్టి ఇంజన్ లోపల దేన్నీ ముట్టుకోలేదు. బయట మాత్రం 4-2-1 హెడర్ (ఇంజన్ నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలు), పొగ సులువుగా పోయే ఫ్రీ ఫ్లో సైలెన్సర్, గాలి సులువుగా లాగే ఫిల్టర్ వేయించాను.

ఊళ్లో తిరిగినప్పుడు తేడా ఏమీ తెలియలేదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే తెలిసింది. నలుగురం ఉన్నాం, ఏసీ వేసి ఉంది, మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 4000 ఆర్‌పీఎం దాటాక బండి లాగడం మానేసింది. పైగా లోపల గులకరాళ్లు కదిలినట్టు నాకింగ్ (పెట్రోల్ సరిగా మండకుండా పేలడం) శబ్దం. అది విన్నాక ఆ రోజు మిగతా ఘాట్ అంతా నెమ్మదిగానే ఎక్కించాను.

కారణం ఇది. ఈ ఇంజన్‌లో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) గాలిని నేరుగా కొలవదు. మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకి గాలి వెళ్లే గొట్టంలోని) ఒత్తిడి, గాలి వేడి, ఆర్‌పీఎం చూసి ఎంత గాలి వచ్చి ఉంటుందో లెక్కగడుతుంది. ఆ లెక్క పాత సైలెన్సర్‌కి రాసింది. హెడర్ వేశాక పై ఆర్‌పీఎంలో సిలిండర్లు ఇంకాస్త ఎక్కువ గాలి నింపుకుంటాయి, ఆ సంగతి ఈసీయూకి తెలియదు. మామూలు వేగంలో ఆక్సిజన్ సెన్సర్ చూసి సర్దుకుంటుంది. ఫుల్ యాక్సిలరేటర్‌లో మాత్రం ఆ సెన్సర్ మాట వినదు, తన లెక్కతోనే పెట్రోల్ పోస్తుంది. అక్కడే మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోల్ ఉండదు.

2022 జనవరిలో రెండు వస్తువులు వేయించాను. ఒకటి బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్‌తో వచ్చే వైడ్‌బ్యాండ్ మీటర్, పొగని బట్టి మిక్స్చర్‌లో గాలి, పెట్రోల్ పాళ్లు చూపిస్తుంది. రెండోది స్క్రూ తిప్పి సెట్ చేసుకునే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్, ఇంజెక్టర్లకి పెట్రోల్ ఎంత ప్రెషర్‌తో వెళ్లాలో ఇది నిర్ణయిస్తుంది. అప్పటి నుంచి 38 వేల కిలోమీటర్లు తిరిగాను.

ముందు మీటర్ గురించి చెప్పాలి, ఎందుకంటే నా డబ్బుకి నిజమైన ఫలితం దానివల్లే వచ్చింది. అంతవరకు ప్లగ్గుల రంగు చూసి, చెవితో విని ఊహించడమే. మీటర్ పెట్టాక అదే ఘాట్‌లో ల్యాంబ్డా 0.95 చూపించింది (ల్యాంబ్డా 1 అంటే పాళ్లు సరిగ్గా సరిపోయినట్టు, అంకె తగ్గేకొద్దీ పెట్రోల్ ఎక్కువ). ఆ లోడ్‌లో నాకు కావలసింది 0.88 చుట్టుపక్కల. ప్రెషర్ 2.9 బార్ నుంచి 3.3కి పెంచాను. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి: ప్రెషర్ ఎంత శాతం పెంచితే పెట్రోల్ అంత శాతం పెరగదు. ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోల్ ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 2.9 నుంచి 3.3 అంటే ప్రెషర్ దాదాపు 14 శాతం ఎక్కువ, పెట్రోల్ మాత్రం 7 శాతం లోపే. మీటర్ 0.89 దగ్గర ఆగింది. నాకింగ్ పోయింది, 5500 దాకా హాయిగా లాగింది.

సెట్ చేసేటప్పుడు రెగ్యులేటర్‌కి వెళ్లే వ్యాక్యూమ్ పైపు ఊడదీసి, దాని నోరు మూసి చూడాలి. పైపు ఉండగా ఐడ్లింగ్‌లో ప్రెషర్ అర బార్ వరకు తక్కువ చూపిస్తుంది. ప్రెషర్ చూపే గేజ్ లోపల ద్రవం ఉండే రకమైతే ఇంజన్ బాగా వేడెక్కాక దాన్ని నమ్మకండి. నేను పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తాను.

రెండో ఏడాది నన్ను చాలా ఇబ్బంది పెట్టిన సంగతి ఒకటి ఉంది. మీటర్ ఉన్నట్టుండి లీన్ చూపించింది. నేను ప్రెషర్ పెంచుతూ పోయాను, 3.8 దాకా. మైలేజీ పడిపోయింది, ప్లగ్గులు మసిబారిపోయాయి. తీరా చూస్తే హెడర్ గ్యాస్కెట్ దగ్గర లీకు. సైలెన్సర్‌లో సెన్సర్ కంటే ముందు చిన్న సందు ఉన్నా బయటి గాలి లోపలికి చేరి, మిక్స్చర్ బాగానే ఉన్నా మీటర్ లీన్ అనే చెబుతుంది. అంతకు నెల ముందే ఒక వర్క్‌షాప్‌లో హెడర్ విప్పి బిగించారు, పాత గ్యాస్కెట్టే మళ్లీ వేశారు. ఆ నెల రోజులు ఇంజన్‌కి అనవసరంగా పెట్రోల్ తాగించానన్న బాధ ఇప్పటికీ ఉంది. మీటర్ కొత్తగా ఏదైనా చెబితే ముందు లీకులు చూడండి, ఆ తర్వాతే స్క్రూ ముట్టుకోండి.

తర్వాత ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చింది. 2025 నాటికి నేను పోయించే బంకులో ఇక వేరే రకం దొరకలేదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పూర్తిగా మండడానికి తక్కువ గాలి చాలు. మామూలు పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. ఘాట్‌లో నా మీటర్ 0.89 నుంచి 0.92 దాటింది. ఇథనాల్‌కి ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) ఎక్కువ కాబట్టి నాకింగ్ రాలేదు, లాగుడు మాత్రం తగ్గింది. 3.5 బార్‌కి పెంచాక సర్దుకుంది. అందుకే మీటర్‌ని ల్యాంబ్డాలోనే పెట్టుకోమంటాను. 14.7 స్కేల్‌లో చూస్తే అది మామూలు పెట్రోల్ లెక్క, ఈ20కి ఆ అంకె నిజం కాదు.

రెగ్యులేటర్‌తో వచ్చిన రబ్బరు పైపు ఏడాదిన్నరలో ఉబ్బి మెత్తబడింది. పెట్రోల్ వాసనతో పట్టుకున్నాను. ఇథనాల్‌ని తట్టుకునే ఇంజెక్షన్ రకం పైపు, కొత్త క్లిప్పులు వేయించాను. ఈ విషయంలో వంద రూపాయలకి కక్కుర్తి పడకండి, కింద వేడి హెడర్ ఉంటుంది. డ్రైవర్ సీటు కింద మంటలార్పే సిలిండర్ కూడా పెట్టుకున్నాను.

మైలేజీ హైవేలో 16 వచ్చేది, ఈ20 తర్వాత 15 వస్తోంది. రెగ్యులేటర్ వల్ల పెరగదు, పెద్దగా తగ్గదు కూడా, మామూలు వేగంలో ఆక్సిజన్ సెన్సర్ ఆ అదనపు పెట్రోల్‌ని తగ్గించేస్తుంది.

రెగ్యులేటర్ పెంచితే అన్ని ఆర్‌పీఎంలలో ఒకే లెక్కన పెరుగుతుంది. నా బండిలో 3000 దగ్గర ఫుల్ యాక్సిలరేటర్‌లో కాస్త రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) ఉంటుంది, దాన్ని ఇది సరిచేయలేదు. కామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) మార్చినవాళ్లకి ఇది చాలదు, పిగ్గీబ్యాక్‌కి (ఈసీయూ లెక్కని మార్చే అదనపు పెట్టెకి) వెళ్లాలి. హెడర్, ఫిల్టర్ వరకే ఆగినవాళ్లకి సరిపోతుంది. ఒకటే కొనగలిగితే మీటర్ కొనండి. మీటర్ లేకుండా రెగ్యులేటర్ మాత్రం వేయించొద్దు.

3.5 బార్ దగ్గర రెగ్యులేటర్ స్క్రూని బిగించే లాక్‌నట్ మీద తెల్ల పెయింట్‌తో గీత పెట్టాను. సర్వీసు నుంచి బండి ఇంటికొచ్చిన ప్రతిసారీ బానెట్ ఎత్తి ముందు ఆ గీత కదిలిందో లేదో చూస్తాను.