డ్రై సూట్ తెప్పించా, అమలాపురం ఎండలో తొడిగి చూశా

ఐస్‌లాండ్‌లో సిల్ఫ్రా అనే చోట నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే ఉంటాయి, అక్కడ డైవ్ చేద్దామని ఆన్‌లైన్‌లో ఒంటికి నీళ్లు తగలకుండా కాపాడే డ్రై సూట్ తెప్పించా. తొడిగి చూసింది మాత్రం అమలాపురంలో, మే నెలలో. ఏసీ వేసినా చెమటలు కారిపోయాయి. మా అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి "ఏంట్రా ఆ వేషం, ఊపిరాడుతుందా?" అంది.

ఆవిడ అడిగింది కరెక్టే. మెడ దగ్గర నీళ్లు రాకుండా ఆపే లేటెక్స్ (రబ్బరు) సీల్ మరీ బిగుతు, నిమిషంలోనే తల తిరిగినట్టయింది. దాని మీదుండే గీతల్లో ఒక్కో గీత చొప్పున కత్తిరించి చూసుకోవాలి, తొందరపడి ఎక్కువ కోశామా, నీళ్లు లోపలికే. తొడిగేటప్పుడు వాసన లేని టాల్కం పౌడర్ రాసుకోండి, జారుతుంది కదా అని కొబ్బరినూనె పట్టించకండి, లేటెక్స్ పాడైపోతుంది.

అసలు తప్పు నాదే. లుంగీ, బనీను మీద కొలతలు తీసి పంపేశా! లోపల వేసుకునే మందపాటి సూట్‌తోనే కొలవాలట. అది వేసుకుని పైన ఇది తొడిగితే, గొంతుక్కూర్చోవడం సరే, చేతులు పైకెత్తితే భుజాలు పట్టేశాయి, భుజం మీద గాలి వదిలే వాల్వ్ అందలేదు. కాళ్ల దగ్గరేమో వదులు. అలా వదులుగా ఉంటే నీళ్లలో సూట్ లోపలి గాలంతా పాదాల్లోకి చేరి మనల్ని తలకిందులు చేస్తుంది, అదీ టెన్షన్.

షాపువాళ్లు మార్చిచ్చారు గానీ కొరియర్ ఖర్చు రెండువైపులా నాదే. రెండోది బాగా సరిపోయింది. 5కి 3 ఇస్తా.