ఆడపిల్లకు హెచ్‌పీవీ టీకా: ఇప్పుడా, తర్వాతా, అసలు వద్దా?

విజయనగరం జిల్లాలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్తాను కాబట్టి, హెచ్‌పీవీ టీకా మాట వచ్చినప్పుడల్లా తల్లులు నన్ను ఆపి అడుగుతుంటారు. "వేయించమంటారా మాస్టారూ? పిల్లకి ఏమైనా అయితే?" హెచ్‌పీవీ అనే వైరస్ తెచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా ఇది. ఆ తల్లుల ముందు మూడు దారులున్నాయి. 9 నుంచి 14 ఏళ్ల లోపు వేయించడం, కాలేజీకి వచ్చాక చూద్దామనుకోవడం, టీకా మాట మానేసి ముప్పై దాటాక ఆ క్యాన్సర్ పరీక్షలు చేయించుకోవడం. నన్నడిగితే మొదటిదే మేలు. కానీ ఆ "ఏమైనా అయితే" అన్న భయాన్ని కొట్టిపారేసి ఆ మాట చెప్పడం నాకిష్టం లేదు.

సూది వేసిన చేయి నొప్పి పుట్టడం దాదాపు అందరికీ ఉంటుంది. కొంచెం వాపు, తలనొప్పి, కొందరికి ఒకటి రెండు రోజులు జ్వరం. నిజంగా భయపడవలసింది తీవ్రమైన అలర్జీ గురించే. అది పది లక్షల డోసులకు రెండు మూడుసార్లు కనిపిస్తుంది. చాలావరకు నిమిషాల్లోనే బయటపడుతుంది, వెంటనే అడ్రినలిన్ అనే మందు సూదితో ఇస్తే అదుపులోకి వస్తుంది. పిల్లలు పుట్టరన్న పుకారు ఒకటి ఊళ్లో తిరుగుతూనే ఉంటుంది. లక్షల మందిని గమనించిన అధ్యయనాల్లో దానికి ఆధారం దొరకలేదు.

కళ్లు తిరిగి పడిపోవడం మాత్రం నిజం. ఈ టీకాకే కాదు, ఈ వయసు పిల్లలకు ఏ సూది వేసినా జరిగేదే. మా బడిలో పదో ఏట, పదహారో ఏట వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా రోజున చూశాను. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పదో తరగతి పిల్ల, సూది వేయించుకుని లేచి రెండడుగులు వేసి, తలుపు పట్టుకోబోయి కూలబడింది. మోచేయి గీరుకుపోయింది, అంతే. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టగానే ఏఎన్ఎం గారిని గుర్తుపట్టి నవ్వింది. ఈలోగా వరుసలో ఉన్న మరో ముగ్గురికి కళ్లు తిరిగాయి. వాళ్లకింకా సూదే వేయలేదు! తలుపు బయట నిలబడి చూసిన తల్లులు ఊళ్లోకి మోసుకెళ్లింది మాత్రం "నలుగురు పడిపోయారు" అన్న వార్త.

ఇక ఖమ్మం సంగతి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఆ జిల్లాలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 10–14 ఏళ్ల బాలికలకు ఈ టీకా వేయించింది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే పని సాగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. విచారణలో తేలింది ఏమిటంటే, ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కాటుకు, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియాతో పోయారు. మిగతా ఇద్దరి కారణం అంత స్పష్టంగా తేలకపోయినా, టీకాతో సంబంధం కనబడలేదన్నారు. అయితే హాస్టల్ పిల్లల అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారన్నదీ విచారణలోనే బయటపడింది. నా లెక్కలో తప్పంతా అక్కడుంది. అడగకుండా వేసిన సూదిని జనం నమ్మరు, నమ్మవలసిన పనీ లేదు.

ఆ ఆపివేతలోంచి ఎవరూ అనుకోని మేలొకటి జరిగింది. అప్పటికే దేశంలో రెండు డోసులకూ మూడు డోసులకూ తేడా చూసే మరో పెద్ద పరిశోధన నడుస్తోంది. అదీ మధ్యలో ఆగడంతో సుమారు 5,000 మంది బాలికలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. వాళ్లను పదేళ్ల పాటు గమనిస్తే, హెచ్‌పీవీలో 16, 18 అనే రెండు రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఆ ఒక్క డోసు 95 శాతం దాకా కాపాడిందని తేలింది. ఒక్క డోసైనా సరిపోవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఇలాంటి లెక్కలే ఆధారం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతం ఆ రెండు రకాల వల్లే వస్తాయి.

రెండో దారికి వద్దాం. "పైడితల్లి పండగ వెళ్లాక చూద్దాం మాస్టారూ" అనే తల్లి, ఆ పండగ తర్వాత సంక్రాంతి అంటుంది, ఆపైన పదో తరగతి పరీక్షలంటుంది. ఈ టీకా ఒంట్లోకి వైరస్ రాకుండా ఆపుతుంది కానీ, వచ్చినదాన్ని వెళ్లగొట్టలేదు. అది లైంగిక సంబంధంతో సోకుతుంది కనుక పెళ్లికి చాలా ముందే పడాలి. మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29 శాతానికి 18 నిండకముందే పెళ్లయిందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇక కాలేజీ దాకా ఆగడానికి వ్యవధి ఎక్కడుంది? స్వీడన్‌లో 17 ఏళ్ల లోపు వేయించుకున్నవారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గింది. ఆ తర్వాత వేయించుకున్నవారిలో తగ్గుదల సుమారు సగమే. దుష్ప్రభావాలు మాత్రం ఆలస్యం చేసినంత మాత్రాన తగ్గవు.

మూడో దారిలో దుష్ప్రభావమే లేదు, ఒప్పుకుంటాను. మా ల్యాబ్‌లో ఉండే అసిటిక్ ఆమ్లాన్నే పలుచగా రాసి, తెల్లబడే మచ్చ కోసం చూసే తేలిక పరీక్ష అది. టీకా వేయించుకున్నవాళ్లకూ ముప్పై దాటాక అవసరమే. కానీ దేశం మొత్తం మీద ఈ పరీక్ష చేయించుకున్న స్త్రీలు నూటికి ఇద్దరే. పలాసలో జీడిపిక్కలు ఒలిచే మనిషి, ఏ నొప్పీ లేనప్పుడు, ఒక రోజు కూలి వదులుకుని సిగ్గు చంపుకుని వెళ్లి చేయించుకుంటుందా? జబ్బు ముదిరాక తెలిస్తే రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు. చాలామంది అందుకోసం విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడి హోమీ బాబా ఆసుపత్రికో వెళ్లవలసి వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి అది 200 కిలోమీటర్లకు పైనే. 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఏడాదికి 1,27,000 మందికి ఈ క్యాన్సర్ వస్తే, దాదాపు 80,000 మంది పోతున్నారు. పది లక్షలకు రెండు మూడు అలర్జీల పక్కన పెట్టి చూడవలసిన అంకె ఇది. చిక్కల్లా, సూది బాధ ఈ పూటే కంటికి కనబడుతుంది, క్యాన్సర్ బాధ పాతికేళ్ల తర్వాత గానీ రాదు.

ఏ కంపెనీది అన్న ప్రశ్నకు పెద్ద చర్చ అక్కర్లేదు. మన సీరమ్ సంస్థ చేసిన సెర్వావాక్ నాలుగు రకాల వైరస్‌లను ఆపుతుంది, గార్డసిల్ 9 తొమ్మిదింటిని. రెండోదాని ధర చాలా ఎక్కువ, చేతి వాపూ కాస్త ఎక్కువే. 16, 18 రెండింటిలోనూ ఉన్నాయి కనుక, ప్రభుత్వ శిబిరంలో ఏది దొరికితే అది వేయించండి.

ఒంట్లో గట్టి జ్వరముంటే ఆ రోజుకు ఆపండి. ఇంతకుముందు ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే, ఈస్ట్ (రొట్టె పిండిని పులియబెట్టేది) పడదని తెలిసి ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. పిల్లకు కడుపునిండా టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి, కూర్చోబెట్టే వేయించండి, పావుగంట కదలనివ్వకండి. అనుమతి పత్రం మీద సంతకం మీరే పెట్టండి, చదివాకే పెట్టండి. అడ్రినలిన్ ఉందా అని ఏఎన్ఎం గారిని అడగండి. చిన్న గాజు ఆంపుల్, క్షణంలో తీసి చూపిస్తారు. లేదంటే పిల్లను ఇంటికి తీసుకొచ్చేసి, అది ఉన్న చోట మరో రోజు వేయించండి.