ఎంవీఆర్ ఎవాపరేటర్‌తో ఆరేళ్లు

ఉప్పు కలిసిన వ్యర్థజలాన్ని మరిగించి ఆరేళ్లుగా మా ప్లాంటులో చిక్కబరుస్తున్న ఎంవీఆర్ (మెకానికల్ వేపర్ రీకంప్రెషన్, అంటే లేచిన ఆవిరినే నొక్కి మళ్లీ వాడుకునే) ఎవాపరేటర్‌లో నాకు ఇప్పటికీ మోజు తీరనిది దాని ఫ్యాను. మరిగిన ద్రావణం నుంచి లేచిన ఆవిరిని కండెన్సర్‌కు వదిలేయకుండా, ఆ ఫ్యాను కాస్త నొక్కి, అది తిరిగి నీరుగా మారే ఉష్ణోగ్రతను ఏడెనిమిది డిగ్రీలు పెంచి, ద్రావణం పారే ట్యూబుల వెలుపలికే పంపుతుంది. లోపలి ద్రావణం ఆ వేడితోనే మరుగుతుంది. 70 డిగ్రీల దగ్గర టన్ను నీటిని ఆవిరి చేయడానికి సుమారు 650 యూనిట్లకు సమానమైన వేడి కావాలి. మా మీటరు మాత్రం పంపులతో కలిపి టన్నుకు 30 యూనిట్లు దాటలేదు.

దాటలేదంటే, మూడో ఏడాది వరకు. ఆ ఏడాది గంటకు 5 టన్నులు తీసే యంత్రం మెల్లమెల్లగా 4 టన్నుల లోపుకు దిగజారింది. ట్యూబుల లోపల గట్టి పొర పేరుకుందని అందరం తీర్మానించి రెండుసార్లు యాసిడ్‌తో కడిగాము. మూత విప్పి చూస్తే ట్యూబులు తళతళలాడుతున్నాయి. సరఫరాదారు పంపిన నిపుణుడు ఫ్యాను వేగం పెంచమన్నాడు. కరెంటు పెరిగింది గాని నీరు పెరగలేదు. చివరకు ఒక రాత్రి షిఫ్టులో మా పాత ఆపరేటర్ ఒకాయన షెల్ (ట్యూబుల చుట్టూ ఆవిరి ఉండే తొడుగు) నుంచి గాలిని వాక్యూం పంపుకు తీసుకెళ్లే వెంట్ గొట్టం మీద చేయి వేసి, "ఇది చల్లగా ఉందేమిటండీ?" అన్నాడు. గాలితో పాటు కొంత ఆవిరి కూడా పోతూ ఉండాలి కాబట్టి ఆ గొట్టం చేయి పెట్టలేనంత వేడిగా ఉండవలసింది. విప్పి చూస్తే, అందులోని సన్నని రంధ్రానికి గోరంత గ్యాస్కెట్ ముక్క అడ్డుపడి ఉంది. బయటికి పోవలసిన గాలి షెల్‌లోనే పేరుకుని, ఆవిరిని ట్యూబుల దగ్గరకు రానివ్వలేదు. నన్ను ఎక్కువగా బాధించింది వేరే సంగతి: షెల్ పీడనాన్ని బట్టి ఆవిరి 76 డిగ్రీలు ఉండాలి, వెంట్ పక్కనున్న థర్మామీటరు 72 చూపుతోంది, ఆ రెండు అంకెలనూ నాలుగు నెలలుగా లాగ్ బుక్‌లో పక్కపక్కనే రాసుకుంటున్నాము. ముక్క తీసేశాక తెల్లవారేసరికి యంత్రం మళ్లీ 5 టన్నులకు చేరింది.

"బాయిలర్ అక్కర్లేదు" అని మొదటి ఏడాది కనబడ్డ వారందరికీ చెప్పుకుని తిరిగాను. నిజానికి, ఆపిన ప్రతిసారీ తిరిగి మొదలుపెట్టడానికి బయటి ఆవిరి కావలసిందే. పైగా ఉప్పు చిక్కబడేకొద్దీ ద్రావణం మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఇక కరగనంత ఉప్పు ఉన్న నీరు మామూలు వాతావరణ పీడనం దగ్గర దాదాపు 108 డిగ్రీలకు గాని మరగదు. ఫ్యాను ఇచ్చే ఏడెనిమిది డిగ్రీలూ అక్కడే హరించుకుపోతాయి. అందుకే ఉప్పు 12 శాతం దాటిన ద్రావణాన్ని, మిగతా నీటిని తీసే, బయటి ఆవిరితో నడిచే చిన్న ఫినిషర్‌కు అప్పగిస్తున్నాము.

వృథాగా పోయే ఆవిరి దండిగా ఉన్నవారికి, చక్కెర పరిశ్రమ కోసం అమెరికన్ ఇంజనీరు నార్బర్ట్ రిలియు 1843లో పేటెంటు పొందిన బహుళ దశల పద్ధతే (ఒక దశలో లేచిన ఆవిరితో తర్వాతి దశను మరిగించడం) చవకగా పడవచ్చు. మాకు ఆవిరి కరువు, కరెంటు నిలకడ, వచ్చే నీటిలో ఉప్పు ఎప్పుడూ మూడు నాలుగు శాతమే. కాబట్టి మళ్లీ కొనవలసి వస్తే నేను దీనినే కొంటాను. వెంట్ గొట్టాన్ని మాత్రం చేతికందే ఎత్తులో పెట్టమని ముందే అడుగుతాను.