థాయ్ మసాజ్ నేర్చుకోవాలంటే: బ్యాంకాక్‌లోనా, చియాంగ్ మాయ్‌లోనా?

సెలవు వారమే ఉంటే బ్యాంకాక్‌ వాట్ ఫో గుడి బడికే వెళ్లండి. 1955లో మొదలైన ఈ బడిలో ప్రాథమిక కోర్సు 30 గంటలు, అంటే ఐదు రోజులు. థాయ్ రాజు మూడో రామ కాలంలో గుడిలో పెట్టించిన రాతి ఫలకాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో మనిషి బొమ్మల మీద గీతలు, చుక్కలు చెక్కి ఉంటాయి. పొద్దున క్లాసులో బొటనవేలితో నొక్కిన చోటే సాయంత్రం రాతి మీద కనిపిస్తే ఒళ్లు పులకరిస్తుంది. ఇక్కడ బొటనవేలి ఒత్తిడికే పెద్దపీట. మోచేయి వంచకుండా ఒంటి బరువును నెమ్మదిగా చేతి మీదికి దించాలి. ఉత్త వేళ్ల బలంతో నొక్కితే మధ్యాహ్నానికే కీళ్లు నొప్పెడతాయి.

చియాంగ్ మాయ్‌ది ఉత్తర థాయ్‌లాండ్ పద్ధతి. లయ నెమ్మది, సాగదీతలు ఎక్కువ. చాలా బడుల్లో పాఠం ముందు జీవకుడికి ప్రార్థన చేస్తారు. బుద్ధుడికి వైద్యం చేసిన మన రాజగృహ వైద్యుడే ఆయన! ఊళ్లో చిన్న బడులు బోలెడు, గది అద్దెలూ తక్కువే. అందుకే నెల రోజులు ఉండగలిగితే నా ఓటు దీనికే. తొందర లేకపోతేనే చేయి కుదురుతుంది.

ఎక్కడ నేర్చినా సర్టిఫికెట్ చూపి అక్కడే పని చేద్దామంటే కుదరదు. థాయ్‌లాండ్‌లో ఈ వృత్తి థాయ్ పౌరులకే.