ప్రణాళికా సంఘమా, నీతి ఆయోగా: ఏది మేలు?

గ్రూప్స్‌కి చదివేవాళ్లు మాటిమాటికీ అడిగే ప్రశ్న ఇది. దేశానికి ప్రణాళికలు వేసే ప్రణాళికా సంఘాన్ని తీసేసి, దాని స్థానంలో నీతి ఆయోగ్‌ను తెచ్చారు. తేదీలు, ఉపాధ్యక్షుల పేర్లు మీకు కంఠతా వచ్చే ఉంటాయి, వాటి జోలికి పోను. రెండూ కేబినెట్ తీర్మానంతో పుట్టినవే. రెండింటికీ ప్రధానే అధ్యక్షుడు. నేను చూసేది ఒక్కటే: నిధులు పంచే అధికారం ఉందా, లేదా?

ప్రణాళికా సంఘానికి ఉండేది. ఏటా ముఖ్యమంత్రులు ఢిల్లీ వెళ్లి రాష్ట్ర వార్షిక ప్రణాళికకు ఆమోదం తెచ్చుకునేవారు. జనం ఎన్నుకున్న నాయకుడు, ఎవరూ ఎన్నుకోని సభ్యుల ముందు పద్దులు విప్పుకుని కూర్చోవడం ఏం మర్యాద? కాదనను. కానీ రాష్ట్రాలకు సాయం పంచడానికి గాడ్గిల్ సూత్రం అనే లెక్క ఉండేది కదా. 1991 సవరణ తర్వాత, ప్రత్యేక హోదా లేని రాష్ట్రాలకు ప్రణాళికల కోసం ఇచ్చే సాధారణ కేంద్ర సాయంలో 60 శాతం జనాభాను బట్టి, 25 శాతం తలసరి ఆదాయాన్ని బట్టి పంచేవారు. వెనకబడిన రాష్ట్రం ఎవరినీ బతిమాలకుండా 'నా వాటా ఇంత' అనగలిగేది.

నీతి ఆయోగ్ ర్యాంకులిస్తుంది. 2018లో మొదలైన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో 112 వెనకబడిన జిల్లాలను 49 సూచికలతో కొలుస్తున్నారు. జిల్లా ఎక్కడుందని కాక, ఎంత మెరుగుపడిందని చూడటం నిజంగా మంచి పద్ధతి. బాగా చేసిన జిల్లాకు కాస్త అదనపు సొమ్ము కూడా వస్తుంది. మరి చివర్లో ఉండిపోయిన జిల్లాకు? సూచనలు వస్తాయి. నిధులు మాత్రం ఆర్థిక శాఖ దగ్గర, ఆయా మంత్రిత్వ శాఖల దగ్గర ఉంటాయి. రాష్ట్రాల పన్నుల వాటా 32 నుంచి 42 శాతానికి పెరిగిందిగా అంటారు. అది పన్నుల్లో రాష్ట్రాల వాటా ఎంతో సిఫారసు చేసే 14వ ఆర్థిక సంఘం చలవ, నీతి ఆయోగ్‌ది కాదు.

కేంద్రం, రాష్ట్రాలు కూర్చుని చర్చించుకునే అంతర్రాష్ట్ర మండలికి ఈ నిధులు పంచే పని అప్పగించాలనేవాళ్లూ ఉన్నారు. 2006 తర్వాత మళ్లీ 2016లో గానీ సమావేశం కాని సంస్థ అది!

లెక్కప్రకారం పంచేట్టయితే నా ఓటు పాతదానికే. ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ (ఉపప్రణాళిక) సంగతే చూడండి. 2013లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టం ప్రణాళికా వ్యయంలో ఎస్సీ, ఎస్టీలకు జనాభా దామాషాలో వాటా ఇచ్చింది. 2017-18 బడ్జెట్‌తో ఖర్చును ప్రణాళికా, ప్రణాళికేతర అని విడదీయడమే పోయింది. దేన్లో వాటా అని అడగాలి? తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో కొత్త చట్టం చేసుకోవాల్సి వచ్చింది. కేంద్రంలో అలాంటి చట్టం అప్పుడూ లేదు, తర్వాతా రాలేదు.