ఫైర్‌ఫాక్స్: ఇంజిన్‌కి నూటికి తొంభై, యాజమాన్యానికి పాస్ మార్కులు కూడా కష్టమే

కొత్త బ్రౌజర్ ఒకటి వచ్చిందంటే చాలు, క్రోమ్ పని అయిపోయిందని టెక్ వార్తల్లో రాసేస్తారు. 2025 జూలైలో పర్‌ప్లెక్సిటీ వాళ్ల కామెట్ వచ్చినప్పుడు ఇదే పాట. అక్టోబరులో ఓపెన్‌ఏఐ అట్లాస్ వచ్చినప్పుడూ ఇదే పాట. తీరా చూస్తే రెండూ క్రోమియం మీద కట్టినవే, అంటే పేజీని తెర మీదికి తెచ్చే, క్రోమ్ లోపల నడిచే ఇంజినే వాటిలోనూ నడుస్తుంది. ఒపెరా 2013లోనే ఆ దారి పట్టింది, ఎడ్జ్ 2020లో పట్టింది. బ్రేవ్, వివాల్డీ కూడా అదే బాపతు. పాత ఇంటికి సున్నం వేసి గృహప్రవేశానికి పిలిచినట్టుంది ఈ వ్యవహారం. బ్రౌజర్ గురించి రాసేవాళ్లు ముందు చెప్పాల్సిన ముక్క ఇదే, చాలా వార్తల్లో వెతికితే గానీ దొరకదు.

వెబ్‌సైట్లు టెస్ట్ చేయడం నా ఉద్యోగం. ఒకే పేజీని రోజంతా రకరకాల బ్రౌజర్లలో తెరిచి చూస్తుంటాను. నా సొంత పనులకు మాత్రం ఫైర్‌ఫాక్సే. దీని గెకో ఇంజిన్ పూర్తిగా వేరు. ఆపిల్ వాళ్ల వెబ్‌కిట్‌ను పక్కన పెడితే, క్రోమియంకు ఎదురు నిలబడ్డ పెద్ద ఇంజిన్ ఇదొక్కటే.

ఫైర్‌ఫాక్స్ ఎందుకు వాడాలంటే, ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఒక్కటి చాలు. పాత పద్ధతిలో, పేజీ పంపే ప్రతి రిక్వెస్టునూ ఎక్స్‌టెన్షన్ మధ్యలో ఆపి, చూసి, వద్దనుకుంటే అక్కడే కొట్టేసేది. ఎక్స్‌టెన్షన్ల కోసం క్రోమ్ తెచ్చిన మ్యానిఫెస్ట్ వీ3 అనే కొత్త పద్ధతిలో ఆ వీలు లేదు, ముందే రాసిచ్చిన నియమాల ప్రకారం బ్రౌజరే ఆపుతుంది. దాంతో 2025లో క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ ఆగిపోయి, లైట్ అనే బక్క వెర్షన్ మిగిలింది. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని అలాగే ఉంచింది. దాని విలువ తెలియాలంటే ఏదైనా టెక్ వార్త తెరవండి. కుకీలకు ఒప్పుకోమని కింద ఒక పట్టీ, నోటిఫికేషన్లు పంపమంటారా అని పైన ఒక పెట్టె, మూలన దానంతటదే మొదలయ్యే వీడియో, చదువుతున్న వాక్యాన్ని కిందికి తోసేస్తూ మధ్యలో దిగే ప్రకటన. వీటన్నిటి మధ్యా అసలు వార్త ఆరు లైన్లు! యూబ్లాక్ పెట్టుకుని, అడ్రస్ బార్ చివరన ఉండే కాగితం బొమ్మ నొక్కి రీడర్ వ్యూలోకి వెళ్తే ఆ ఆరు లైన్లే కనిపిస్తాయి. ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఇదే యూబ్లాక్ నడుస్తుంది. ఫోన్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లే లేవు.

నాకు బాగా ఉపయోగపడే ఇంకో సంగతి కంటైనర్లు. ట్యాబుల లాగిన్లను విడివిడిగా ఉంచే ఎక్స్‌టెన్షన్ అది, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లే ఇస్తారు. ఒకే సైట్లో అడ్మిన్ లాగిన్ ఒక ట్యాబులో, మామూలు యూజర్ లాగిన్ పక్క ట్యాబులో పెట్టుకుంటాను, ట్యాబు మీద ఉండే రంగు గీతను బట్టి ఏది ఏదో తెలిసిపోతుంది. లాగౌట్ అయ్యే పనే లేదు. ట్యాబులు మరీ పెరిగిపోతే అడ్రస్ బార్‌లో % కొట్టి, స్పేస్ ఇచ్చి, పేరులో నాలుగక్షరాలు టైప్ చేస్తే తెరిచి ఉన్న ట్యాబుల్లోనే వెతికి పెడుతుంది.

కుకీల విషయంలోనూ మాట నిలబెట్టుకున్నది ఫైర్‌ఫాక్సే. ఏ సైటు కుకీలు ఆ సైటు డబ్బాలోనే ఉండే ఏర్పాటును 2022 జూన్ నుంచి కంప్యూటర్లలో అందరికీ ఇచ్చింది. థర్డ్ పార్టీ కుకీలు, అంటే మనం తెరిచిన సైటు కాక వేరేవాళ్లు పెట్టే కుకీలు, తీసేస్తానని 2020లో చెప్పిన గూగుల్, వాయిదాల మీద వాయిదాలు వేసి 2024లో ఆ ఆలోచనే మానుకుంది.

ఇబ్బంది లేదని అనను. ఒక సైట్లో ఫారం నింపబోతే, క్రోమ్‌లోనే తెరవమని అడ్డం పడింది. బ్రౌజర్ చెప్పుకునే పేరును ఒక ఎక్స్‌టెన్షన్‌తో మార్చి వెళ్తే అదే ఫారం చక్కగా పనిచేసింది. పేరు చూసి గుమ్మంలో ఆపేశారన్నమాట! సైటుకి క్రోమ్ చెప్పుకునే పేరు కూడా మొదలయ్యేది మొజిల్లా/5.0 అనే.

ఇక యాజమాన్యం, అంటే మొజిల్లా. ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. 2017లో ఒక టీవీ సీరియల్ ప్రచారం కోసం, అడక్కుండానే కొంతమంది బ్రౌజర్లలో ఒక ఎక్స్‌టెన్షన్ దించారు. 2019 మేలో, ఎక్స్‌టెన్షన్లు అసలైనవని చెప్పే ఒక సర్టిఫికెట్‌ను గడువులోగా రెన్యూ చేయక, లోకమంతా లెక్కలేనంత మంది ఎక్స్‌టెన్షన్లు ఆగిపోయేలా చేశారు. పేజీలను తర్వాత చదువుకోవడానికి దాచిపెట్టే పాకెట్‌ను 2017లో కొని, 2025 జూలైలో మూసేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో, మీ డేటా అమ్మబోమన్న హామీని తమ పేజీలోంచి తీసేశారు. జనం గొడవ చేశాక నిబంధనలు తిరగరాశారు. ప్రైవసీ పేరు చెప్పి నమ్మకం సంపాదించినవాళ్లు అడిగించుకుని సర్దుకోవడమేమిటి? పైగా ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచినందుకు ఆ గూగుల్ ఇచ్చేదే. ఇంత మంచి ఇంజిన్ ఒక పోటీదారు చెక్కు మీద బతుకుతుంటే నాకు దిగులుగా ఉంటుంది.

అయినా కంప్యూటర్లో, ఆండ్రాయిడ్‌లో కళ్లు మూసుకుని పెట్టుకోమంటాను. ఐఫోన్‌లో వద్దు. యూరోపియన్ యూనియన్, జపాన్ బయట ఆపిల్ తన వెబ్‌కిట్ తప్ప వేరే ఇంజిన్‌ను రానివ్వదు. ఐఫోన్ ఫైర్‌ఫాక్స్‌లో గెకో ఉండదు, యూబ్లాక్ ఆరిజిన్ కూడా ఉండదు.