మీర్షామ్ సుల్తాన్ తల పైపు: చాన్నాళ్ల వాడకంలో తేలినవి

టర్కీలోని ఎస్కిషెహిర్‌లో దొరికే మీర్షామ్ రాయితో, సుల్తాన్ తల ఆకారంలో చెక్కిన పొగాకు పైపు ఇది. తలపాగా మడతలు, గడ్డం పాయలు చూసి మురిసిపోయే ముందు గిన్నె (పొగాకు నింపే భాగం) గోడ మందం చూడండి. ఉలి లోతుగా దిగినచోట గోడ పలచబడుతుంది. మరీ పలచబడితే వేళ్లకు సెగ తగులుతుంది. ఇందులో గడ్డం వైపు హాయిగా పట్టుకోవచ్చు, తలపాగా మడతల మధ్య మాత్రం కాలుతుంది.

మీర్షామ్ అంటే సెపియోలైట్ అనే ఖనిజం. గోటితో గీకినా గీత పడేంత మెత్తన. తడిగా ఉండగా చెక్కి, ఆరబెట్టి, నునుపు చేసి, కరిగిన తేనెమైనంలో ముంచుతారు. పొగలోని తేమనూ తారునూ రాయి పీల్చుకుంటుంది, మైనంతో కలిసి ఆ రంగు పైకి తేలుతుంది. ముందు కాడ (గిన్నె నుంచి పొగ వచ్చే గొట్టం), గిన్నె అడుగు తేనెరంగుకు తిరుగుతాయి. అంచు చాలాకాలం తెల్లగానే ఉంటుంది. త్వరగా రంగు రావాలని వరసగా కాలిస్తే రాయి వేడెక్కి, పొగ చేదెక్కుతుంది తప్ప లాభం లేదు.

19వ శతాబ్దపు ఐరోపాలో పరువంతా ఆ రంగుదే. వియన్నా పనివాళ్లు చెక్కిన, అంబర్ (గట్టిపడిన పురాతన చెట్టు బంక) మౌత్‌పీస్ బిగించిన పైపు ఉన్నవాళ్ల సొత్తు. సామాన్యులకు మట్టి పైపులే. వేడి మీద మైనం మెత్తబడి వేలిముద్రలు పడతాయి కనుక చేతి తొడుగులు వేసుకుని పట్టుకునేవారు. ఆ జాగ్రత్త ఇప్పటికీ అవసరమే: వేడిగా ఉన్నప్పుడు కాడ పట్టుకోండి, ముఖం మీద చెయ్యి వేయకండి. జర్మనీలోని రూలాలో చెక్కగా మిగిలిన ముక్కలు, పొడి కలిపి చౌక రకాలు చేసేవారు. అలా అచ్చు పోసిన రాయి పీల్చుకోవడం తక్కువ, రంగు మచ్చలుగా వస్తుంది.

బ్రయర్ కొయ్య పైపులో బొగ్గుపొర కట్టనిస్తాం, ఇందులో కట్టనివ్వకూడదు. వేడికి ఆ పొర, రాయి ఒకేలా వ్యాకోచించవు, గిన్నె చీలుతుంది. కాల్చిన ప్రతిసారీ చల్లారాక మెత్తటి కాగితంతో లోపల తుడవాలి, కాడలో పైపు క్లీనర్ తిప్పాలి. నీటితో కడగకూడదు, తడిస్తే రాయి మెత్తబడుతుంది. బూడిద దులపడానికి దేనికీ కొట్టకండి, ముందు విరిగేది ముక్కో గడ్డం కొసో.

మౌత్‌పీస్‌ను కాడలో బిగించే ప్లాస్టిక్ గొట్టమే ఇందులో బలహీనం. వదులైతే అదొక్కటే మార్చుకోవచ్చు. రోజూ కాల్చేవారు నున్నటి గిన్నె తీసుకోవడం మేలు, లోతైన చెక్కడాల సందుల్లో దుమ్ము చేరి మైనానికి అంటుకుంటుంది, మెత్తటి బ్రష్‌తోనే వదులుతుంది.